అరుగు మీది అతిథి

పాత యిండ్లకు వీధి తలుపు వెలుపల అరుగు కట్టించుటలో మన పెద్దలు చూపిన వివేకమును నేను నిజముగా గ్రహించినది, తొండేభావిలోని మా యింటి కంప్యూటరునందు పలువురు కలసి యాడుకొను అక్షరక్రీడ నొకదానిని నెలకొల్పిన పిదపనే. ఇందు బొమ్మలు లేవు, రంగులు లేవు. ఆటగాడు “తూర్పునకు పో” అని టైపు చేయును, తూర్పున నేమున్నదో తెర మీద వాక్యమై వచ్చును, అచ్చట మరియొకడున్నచో వాని పలుకును కానవచ్చును. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ పెంచి పెద్దచేసిన ‘మడ్’ అను క్రీడయే యీ వంశమునకు మూలపురుషుడు.

చింతామణి తాలూకాలోని కైవారమే భారతమునందలి ఏకచక్రపురమని మా ప్రాంతమున తరతరముల నమ్మకము. నా ఆటలోని లోకమును అదియే: ఊరివారు వంతులు వేసికొని బకాసురునకు పంపు బండెడన్నము, ఆ బండిని తోలుకొనిపోవు త్రోవ, త్రోవ చివర గుట్ట. నాకు అంధమిత్రుడొకడు కలడు. తెర మీది వాక్యమును చదివి వినిపించు ప్రోగ్రాము సాయమున అతడీ గుట్ట చుట్టును నాకంటె వేగముగా తిరుగును. చూపున్నవాడును లేనివాడును సరిసమానముగా నిలువగల ఆట యిది. ఇంత శ్రద్ధ నేను దీనిపై నుంచుటకు అదియొక్కటియే చాలును.

మొదట చేసిన తప్పును దాచను. సులువని తలచి, దూరపు కంప్యూటరుతో అక్షరములలో సంభాషించు పాత పద్ధతియగు టెల్నెట్‌కు వాడుకలోనున్న 23వ పోర్టును, అనగా రాకపోకల ద్వారమును, రౌటరులో తెరచి, మరునాటి యుదయమున లాగ్ విప్పి చూచితిని. ఆట సంగతి మిత్రునికి దప్ప నెవరికిని చెప్పలేదు. అయినను ‘రూట్’, ‘అడ్మిన్’ అను పేర్లతో తలుపు తట్టినవారి వరుసలు పుటలు పుటలుగా నుండెను. వారు మనుష్యులు కారు, వీధివీధిని తిరుగు యంత్రములు. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, కొన్ననాటి పాస్‌వర్డునే మార్చక యుంచిన కెమెరాలను రౌటర్లను, సుమారు 60 జతల పేర్లు పాస్‌వర్డులతో తట్టి చూచి, ఇట్టి ద్వారముననే లోబరచుకొనెను.

అరుగు మీద కూర్చున్నవానికి మంచినీళ్లిత్తుము, వంటింటి త్రోవ చూపము. నేడు మా యింట తెరచియున్నది 4000వ పోర్టొక్కటే. పోర్టు మార్చుటచే రద్దీ తగ్గునే కాని రక్షణ కలుగదు కావున, ఆట నడుచుటకు వేరొక యూజరును సృష్టించి, వాని చేయి ఆట ఫోల్డరును దాటకుండ కట్టడి చేసితిని. ఆ కంప్యూటరును ఇంటివారి ఫోనులున్న వైఫై నుండి తప్పించి అతిథుల నెట్‌వర్కులో నుంచితిని. టెల్నెట్‌లో పాస్‌వర్డు పోస్టుకార్డు మీది వ్రాతవలె దారిపొడవున కనబడుచు పోవును. అందుచే టీఎల్ఎస్ అను ముసుగు తప్పనిసరి చేసితిని, బ్యాంకు పాస్‌వర్డు నిచ్చట వాడవలదని ప్రవేశద్వారముననే వ్రాసితిని. ఇట్లు ద్వారము తెరచుట యందరికిని సాధ్యము కాదు: కొన్ని కనెక్షన్లలో వందల యిండ్లకు బయటి చిరునామా యొకటే యుండును. రౌటరునకు వచ్చిన చిరునామా 100.64తో మొదలైనచో పోర్టు తెరచియు ప్రయోజనము లేదు. అట్టివారు ఐపీవీ6 అను క్రొత్త చిరునామాల మార్గమునో, బయట అద్దెకు దొరకు చిన్న సర్వరునో యాశ్రయింపవలెను.

ఇన్ని దొంగల భయములకంటెను నన్ను కలతపెట్టినది కరెంటు. లోకమును ఫైలులోనికి వ్రాయుచుండగా దీపమారినచో సగము ఊరు మాయమగును. కావున మొదట వేరొక ఫైలులో సాంతముగా వ్రాసి, అది డిస్కునకు చేరినదని నిర్ధారించుకొనిన పిమ్మటనే పాతదాని పేరు దానికి పెట్టు పద్ధతి నవలంబించితిని. వారమున కొకమారు పెన్‌డ్రైవులోనికి నకలు తీసి బీరువాలో పెట్టుదును.

నిన్న రాత్రి కరెంటు పోయి, యూపీఎస్సును అలసి, కంప్యూటరు ఆగిపోయినది. వెలుగు వచ్చిన పిదప మిత్రుడు మరల ప్రవేశించి, తాను విడిచిన చోటనే, బండి ప్రక్కనే, నిలిచియుండుట చూచుకొని, తడవి తడవి లెక్కపెట్టి, టైపు చేసెను: “అన్నా, అంతా ఉంది. పెరుగు కుండ మాత్రం ఎవురో ముందే ఖాళీ చేసినారు.”