ఒక్క లూపు మీద నడిచే పని

ఒకే రంగు ఊలు, ఒకే హుక్కు, తిప్పితిప్పి వేసే ఒకే కుట్టు. క్రోషేతో అల్లే గళ్ళ త్రోకి కావలసిన సరంజామా ఇంతే. సోఫా మీద వేసి ఉంచి, చలేస్తే కాళ్ళ మీదికి లాక్కునే ఈ దుప్పటిని చాలామంది తేలిక పనుల్లో జమకడతారు. నేర్చుకోవడం తేలికే, బాగా అల్లడం మాత్రం కాదు. పువ్వులూ రంగుల మార్పులూ ఉన్న దుప్పట్లో ఒక వరస వదులైనా చూపు రంగుల మీదికి పోతుంది. ఒకే రంగు దుప్పట్లో ఆ వెసులుబాటు లేదు. అల్లిన చెయ్యి ఎలాంటిదో మొదటి వరస నుంచి చివరి వరస దాకా బయటపడుతూనే ఉంటుంది.

ఇక్కడ గళ్ళంటే నేతచీరలో కనిపించే రంగుగళ్ళు కావు. వేలు పెడితే తగిలేవి. చుట్టూ గట్టు, మధ్యలో పల్లం. వాఫుల్ కుట్టు అని పిలిచే ఈ ఎగుడుదిగుడు ఎలా వస్తుందో చూస్తేనే దీని పనితనం అర్థమవుతుంది.

రెండు సూదులతో స్వెటర్ అల్లేటప్పుడు వరసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. క్రోషేలో ఒక కుట్టు ముగించి మరో కుట్టుకు వెళ్ళేటప్పుడు హుక్కు మీద మిగిలేది ఒక్క లూపే. ఊలును హుక్కుకు ఒక చుట్టు చుట్టి, కింది వరస కుట్టులో గుచ్చి, ఊలు లాగితే హుక్కు మీద మూడు లూపులవుతాయి. మళ్ళీ ఊలు పట్టి రెండింటిలోంచి, ఇంకోసారి పట్టి మిగిలిన రెండింటిలోంచి లాగితే కుట్టు పూర్తి. అమెరికా నమూనాల్లో దీని పేరు డబుల్ క్రోషే, బ్రిటిష్ నమూనాల్లో ట్రెబుల్. పూర్తయిన కుట్టుకు పైన చిన్న జడలాంటి అంచు, దాని కింద నిలువు కాడ ఉంటాయి. మామూలుగా హుక్కును ఆ జడలోనే గుచ్చుతారు. వాఫుల్ కుట్టులో కొన్నిచోట్ల జడను వదిలేసి, హుక్కును ముందునుంచి కాడ వెనక్కి పోనిచ్చి మళ్ళీ ముందుకు తెస్తారు. కుట్టు మారలేదు, హుక్కు దూరే చోటు మారింది. దుప్పటి రూపమంతా ఆ చిన్న మార్పులోనే ఉంది.

మొదటి వరస సాదాగా సాగుతుంది. రెండో వరసలో రెండు మామూలు కుట్లు, మూడోది కాడ చుట్టూ. అలా కాడను పట్టి వేసిన కుట్టు ముందుకు ఉబికి నిలువు గట్టవుతుంది. తర్వాత దుప్పటి తిప్పుతారు. ఈసారి లెక్క తిరగబడుతుంది: గట్టు ఉన్నచోట మామూలు కుట్టు, పక్కనున్న రెండింటికీ కాడ చుట్టూ. తిప్పి అల్లుతున్నాం కాబట్టి ఆ రెండూ వెనకవైపుకి లాగుతాయి. దాంతో కింది వరస జడ ముందువైపుకి ఒరిగి అడ్డగట్టుగా తేలుతుంది. నిలువు గట్టు ముందునుంచి అల్లితే వచ్చింది, అడ్డగట్టు వెనకనుంచి లాగితే వచ్చింది. రెండూ కలిసి ఒకే ముఖం మీద గళ్ళు కడతాయి. ఆ పల్లాల్లో గాలి నిలుస్తుంది, దుప్పటి వెచ్చగా ఉండేది అందువల్లే. దీనికి సాదా అల్లిక కన్నా ఊలు ఎక్కువే పడుతుంది.

నమూనా పుస్తకం చెప్పలేనిది చేతి బిగువు. ఊలు ఉండ నుంచి వచ్చే పోగు చిటికెన వేలు చుట్టూ తిరిగి, చూపుడు వేలి మీదుగా హుక్కుకి చేరుతుంది. ఆ చూపుడు వేలు ఎంత ఎత్తి పట్టారన్నదాన్ని బట్టి బిగువు. గుచ్చిన తర్వాత తొలిసారి లాగే లూపును ఎంత పైకి తీస్తే కుట్టు అంత పొడుగు. తొందరలో ఉన్నప్పుడు చెయ్యి బిగుస్తుంది, కబుర్లలో పడితే వదులవుతుంది. అంగుళానికి మూడు కుట్లనుకుంటే 50 అంగుళాల వెడల్పుకు వరసకు 150 కుట్లు. అంగుళానికి రెండు వరసల చొప్పున 60 అంగుళాల పొడవుకు 120 వరసలు. మొత్తం 18,000 కుట్లు. అన్నిటికీ ఒకే ఎత్తు, ఒకే బిగువు ఇవ్వగల చేతికి దణ్ణం పెట్టాల్సిందే.

అంచులు ఇంకో పరీక్ష. వరస చివరి కుట్టు కంటికి సరిగా ఆనదు. దాన్ని వదిలేస్తూ పోతే దుప్పటి పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. మొదట వేసే గొలుసు బిగుసుకుంటే అడుగు అంచు లోపలికి గుంజుకుపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు గొలుసు వరకు ఒక సైజు పెద్ద హుక్కు వాడతారు. చివర చుట్టూ బోర్డరు వేసేటప్పుడు మూలలో ఒకే చోట మూడు కుట్లు పడితేనే మూల మడత పడకుండా పరుచుకుంటుంది.

ఇదే పనిముట్టుకు మన గోదావరి ఒడ్డున ఇంకో చరిత్ర ఉంది. స్కాట్లాండ్ మిషనరీలు 1840ల్లో నేర్పిన క్రోషే నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో లేసు పరిశ్రమైంది. అక్కడి ఎండకు ఊలుతో పనేముంది? సన్నటి నూలు దారం, సన్నటి హుక్కు. గళ్ళ త్రోలో హుక్కు మందం పుట్టిస్తే, లేసులో ఖాళీలు పుట్టిస్తుంది. ఆ ఖాళీలను లెక్కగా నిలబెట్టడంలోనే లేసు అందం. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుతారు. ఇంటిపనుల మధ్య సాగే ఈ పని విదేశాలకు సరుకై వెళ్ళింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు పనివారి మీద వెలువరించిన పుస్తకంలో ఒక చేదు నిజం చూపించింది: గంటల తరబడి అల్లే ఈ స్త్రీలను పనివాళ్ళుగా కాక, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కగట్టారు. లాభం వ్యాపారులది, దక్కిన కూలి నామమాత్రం. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరుకు రక్షణ దొరికింది సరే, కూలి రేటును ఆ గుర్తింపు దానంతటదే పెంచదు.

ధర మాటకొస్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నేతకు మరమగ్గాలు వచ్చాయి, స్వెటర్లకు యంత్రాలు వచ్చాయి. అసలైన క్రోషే కుట్టును మార్కెట్టు సరుకుగా వేసిపెట్టే యంత్రం మాత్రం రాలేదు. క్రోషేలా కనిపించే బట్ట యంత్రం మీద వస్తుంది కానీ దాని అల్లిక వేరు. కాబట్టి ఎగ్జిబిషన్‌లో క్రోషే దుప్పటి చేతికి దొరికితే తిరగేసి చూడండి. పోగుల కొసలు లోపలికి దూర్చి దాచారా, నాలుగు మూలలూ పరుచుకున్నాయా, మొదటి గడీ చివరి గడీ ఒకే కొలతలో ఉన్నాయా? ఉంటే బేరం అక్కడితో ఆపండి. ఎంత చవగ్గా ఇచ్చినా ఆ పద్దెనిమిది వేల కుట్లూ ఎవరో ఒకరు చేత్తో వేసినవే. తగ్గిన ప్రతి రూపాయీ ముందుగా ఆ చేతి కూలిలోంచే పోతుంది.