ఎవరు పిలిస్తే వచ్చావు?

సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ దగ్గరుండే ఓ డిగ్రీ కుర్రాడు పాత వైఫై రూటర్‌లో నడపడానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాడు. నెట్ ఎప్పుడు పోయింది, మళ్లీ ఎప్పుడొచ్చింది అన్నది రాసిపెట్టుకోవడమే దాని పని. "పట్టుమని యాభై లైన్లు లేవు సార్, 800 కేబీ దాటింది. ఎట్ల?" అని లాప్‌టాప్ నా ముందుకు జరిపాడు. ఆ రూటర్‌లో స్టోరేజీ మొత్తం 4 మెగాబైట్లు. కెర్నల్, మిగతా సరంజామా పోను మిగిలేది కొన్ని వందల కేబీలే.

కుర్రాడు చేసింది స్టాటిక్ లింకింగ్, అంటే లైబ్రరీ కోడును ప్రోగ్రాంలోనే కలిపి కట్టేయడం. అవతలి యంత్రంలో ఏ లైబ్రరీ ఉందో లేదో చూసుకోనక్కర్లేదు. ఆ నిశ్చింతకు కట్టే మూల్యమే ఈ లావు.

కుర్రాడు అప్పటికే స్ట్రిప్ కొట్టాడు. పేర్ల పట్టిక పోయింది గానీ కోడు అలాగే ఉంది. ఇక యూపీఎక్స్ అనే పనిముట్టుతో కుదిస్తానన్నాడు. వద్దన్నాను. రూటర్‌లోని ఫైల్ సిస్టమ్ ఫైళ్లను ఎలాగూ కుదించే దాస్తుంది. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే కలిసొచ్చేది దాదాపు సున్నా. పైగా నడిచిన ప్రతిసారీ మొత్తం విప్పుకోవాలి, ఉన్న కాస్త మెమరీ దానికే పోతుంది. కుదింపు వేరు, తగ్గింపు వేరు.

తగ్గించాలంటే ముందు లోపల ఏముందో తెలియాలి. ముక్కలన్నీ కలిపి కట్టే లింకర్‌ను అడిగితే మ్యాప్ ఫైలు రాసిస్తుంది. నాకు దాని మొదటి భాగం చాలా ఇష్టం. లైబ్రరీలోంచి ఏ ముక్క వచ్చింది, ఏ ముక్క ఏ పేరు పిలిస్తే వచ్చింది అని వరసగా ఉంటుంది. శుభలేఖ మీద 'సకుటుంబ సపరివార సమేతంగా' అని అచ్చేస్తామే, లింకర్ పిలుపూ అలాంటిదే: ఫంక్షన్ ఒక్కటే కావాలన్నా అదున్న ఆబ్జెక్ట్ ఫైలు మొత్తం వస్తుంది, ఆ ఫైలుకు కావలసినవీ వెంట వస్తాయి. ప్రింట్‌ఎఫ్ వెనక లొకేల్, దాని వెనక అక్షరాల మార్పిడి కోడు. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీతో అయితే మెయిన్‌లో ఒక్క లైనూ రాయకపోయినా వందల కేబీలు తప్పవు, ప్రోగ్రాంను మొదలుపెట్టే కోడే అంత మందిని పిలుచుకొస్తుంది.

కాబట్టి లైబ్రరీనే మార్చాలి. రిచ్ ఫెల్కర్ 2011లో విడుదల చేసిన మసల్ ఇలాంటి పనికి సరిగ్గా సరిపోతుంది. రూటర్ల కోసం తయారైన ఓపెన్‌వర్ట్ కూడా 2015లో దీనికే మారింది. కుర్రాడి ప్రోగ్రాం మసల్‌తో కట్టగానే 100 కేబీ లోపుకు వచ్చింది. మొహం వెలిగిపోయింది.

తర్వాత సొంత కోడు. ప్రతి ఫంక్షన్‌నూ వేరే సెక్షన్‌లో పెట్టమని కంపైలర్‌కు, ఎవరూ పిలవని సెక్షన్లను పారేయమని లింకర్‌కు చెప్పాలి. పీడీఎఫ్‌లో పోతన ఫాంటు వాడితే, మనం రాసిన పేజీలో ఉన్న అక్షర రూపాలను మాత్రమే ఫైల్లో పెట్టి మిగతావి వదిలేసే ఏర్పాటుంది కదా, ఇదీ ఆ సూత్రమే. అయితే యాభై లైన్ల ప్రోగ్రాంలో ఇది తెచ్చే లాభం తక్కువ. ఎక్కడెక్కడివో ఫైళ్లు తెచ్చి కలిపిన పెద్ద ప్రోగ్రాంలో దీని సత్తా తెలుస్తుంది.

ఇలాంటి చిన్న ప్రోగ్రాములు పది అవసరమైతే? పదింట్లోనూ అదే లైబ్రరీని పదిసార్లు మోయడం దండగ. డెబియన్ ఇన్‌స్టాలేషన్ ఫ్లాపీ కోసం బ్రూస్ పెరెన్స్ 1990ల నడుమ బిజీబాక్స్ రాసింది ఇందుకే. ఎల్ఎస్, సీపీ లాంటి కమాండ్లన్నీ ఒకే ప్రోగ్రాంలో ఉంటాయి, ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ నేర్పిన పొదుపు అది. మీ ఇంటి రూటర్‌లోనూ బహుశా అదే ఉంటుంది.

లినక్స్‌లో నడిచే ప్రోగ్రాంను 45 బైట్లకు దించినవాళ్లూ ఉన్నారు. అది గారడీ, చూసి ఆనందించాలి, జీతానికి చేసే పనిలో అనుకరించకూడదు. చదువుకునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ఈసారి ఏదైనా స్టాటిక్‌గా కట్టినప్పుడు మ్యాప్ ఫైలు అడిగి తీసుకోండి. పొడవు చూసి బెదరకండి, మొదటి రెండు పేజీలు చదివితే చాలు.