మన్నళ్ళి ఇల్లు, మనబడి తరగతి

తెలుగు పిల్లలకు తెలుగు రావడం లేదన్న మాట రాగానే అందరం అమెరికా గురించే మాట్లాడుకుంటాం. ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రం వాళ్ళయిపోయినవారు ఆ చర్చలోకి రారు. బీదర్ తాలూకాలోని మన్నళ్ళి వంటి ఊళ్ళ తెలుగు కుటుంబాలు అలాంటివే. ఒకప్పుడు బీదర్, జహీరాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో ఒకే జిల్లా. 1956 నవంబరు 1న జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. బీదర్ మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. చుట్టరికాలు, సంతలు మాత్రం సరిహద్దు గీతకు ఇవతలా అవతలా అలాగే సాగాయి.

ప్రవాసుల పిల్లలకు తెలుగు నేర్పడానికి సిలికానాంధ్ర సంస్థ 2007లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన మనబడిది వేరే కథ. అక్కడ పాఠం చెప్పేది ఎక్కువగా తల్లిదండ్రులే. వారమంతా ఉద్యోగం చేసి, సెలవురోజున జీతం లేకుండా పిల్లల ముందు నిలబడతారు. ఒకే మనిషి బిడ్డకు అమ్మా, పంతులమ్మా. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. ప్రణాళిక ఉంది, పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి. లేనిదల్లా తరగతి బయట తెలుగుతో పని. గుణింతాలు తప్పులేకుండా చదివిన పిల్లవాడు కారెక్కగానే ఇంగ్లీషులోకి మారిపోతాడు. చాలా ఇళ్ళలో నాన్న జవాబూ ఇంగ్లీషులోనే వస్తుంది. గంట ముందు పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు ఇంట్లో తండ్రిగా ఓడిపోయేది అక్కడే.

మన్నళ్ళి వైపు ఇందుకు పూర్తిగా తలకిందులైన పరిస్థితి. అమ్మ కేకలు, పొలం పనులు, బేరాలు, పెళ్ళి మాటలు అన్నీ తెలుగులో నడిచే ఇళ్ళున్నాయి. ఆ తెలుగులో కన్నడం, ఉర్దూ కలిసి ఉంటాయి. అది లోపం కాదు, ఆ నేల తీరే అంత. బడిలో మాత్రం పుస్తకం కన్నడం. కన్నడం నేర్వాల్సిందే, బతుకుతెరువు అందులో ఉంది. కానీ ఆ పిల్లవాడు జహీరాబాద్ బస్టాండులో తెలుగు బోర్డు ముందు నిలబడితే, రోజూ తాను పలికే భాషనే చదవలేడు. ఇంట్లో తల్లికీ తెలుగు చదవడం రాకపోతే నేర్పేవారెవరు?

రెండింటిలో ఏ లోటు పూడ్చడం తేలిక? మన్నళ్ళిదే అని నా నమ్మకం. కన్నడ లిపి వచ్చిన పిల్లవాడికి గ, ద, న, ర, ల వంటివాటిలో చూడగానే పోలిక తెలుస్తుంది. క, త, శ, హ వంటి కొన్నింటి మీదే ప్రత్యేకంగా కూర్చోవాలి. మాట ముందే నోట్లో ఉంది. అమెరికా పిల్లవాడికి అక్షరం నేర్పినంత సులువుగా ఆ మాటను అమర్చలేం. మారిషస్ మనకు హెచ్చరిక. అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు పాఠం ఉంది, తెలుగువారి సంఘాలున్నాయి. అయినా ఇళ్ళలో క్రియోల్ భాష స్థిరపడింది. ఇల్లు వదిలేసిన భాషను బడి ఒక్కటే నిలబెట్టలేదు.

అయినా తేలికైన పనికే సాయం తక్కువ. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. అదీ 1956లో చేర్చిందే. రాష్ట్రాల సరిహద్దులు మార్చిన ఏడాదే ఆ హామీ కూడా ఇచ్చారు. దాన్ని అడిగి తీసుకోవలసింది మనమే.

ఈలోగా మనబడి నుంచి మన్నళ్ళి నేర్చుకోవలసింది ఒకటుంది: జీవో కోసం ఎదురుచూడకుండా, చదువొచ్చిన తల్లో తండ్రో ఆదివారం ఒక గంట పది మంది పిల్లల్ని కూర్చోబెట్టడం. మన్నళ్ళి నుంచి ప్రవాసులు నేర్చుకోవలసిందీ ఒకటే: అన్నం పెట్టేటప్పుడు, కోప్పడేటప్పుడు, లెక్కలు చూసుకునేటప్పుడు కూడా తెలుగులోనే మాట్లాడటం. విదేశాల్లోని తెలుగు సంఘాలు తమ పాఠ్యపుస్తకాలు కొన్ని కట్టలు ఈ సరిహద్దు ఊళ్ళకు పంపితే, అంతకు మించిన భాషాసేవ మరొకటి ఉండదు.