మైకేల్ క్లేటన్: పాత ఉద్యోగం

టోనీ గిల్‌రాయ్ తీసిన "మైకేల్ క్లేటన్" (2007) అనగానే అందరూ కలుపుమందు కంపెనీ కేసు గురించే మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది వేరే విషయం. క్లేటన్ (జార్జ్ క్లూనీ) ఒకప్పుడు క్వీన్స్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటర్. అది వదిలేసి న్యూయార్క్‌లోనే పెద్ద ప్రైవేటు లా ఫర్మ్‌లో చేరాడు. ఎందుకో సినిమా చెప్పదు. ఆ కలుపుమందు కంపెనీ లాయరు కరెన్ (టిల్డా స్వింటన్) అతని ఫైలు తిరగేసినప్పుడు తెలుస్తుంది, అంతే. మన రెజ్యూమేల్లో ఒక లైనులాగా.

డబ్బు కోసమే అనుకుందామా అంటే, ఇప్పుడతను పీకల్దాకా అప్పుల్లో ఉన్నాడు. పార్ట్‌నర్ కూడా కాలేదు. నాకర్థమైనంతలో ఫర్మ్‌కి కావలసింది అతని వాదన కాదు, అతని పరిచయాలు. కారుతో మనిషిని గుద్ది ఇంటికొచ్చేసిన క్లయింటు దగ్గరికి అర్ధరాత్రి వెళ్ళాల్సింది అతనే. మళ్ళీ కోర్టు పని ఇమ్మంటే, అది ఎవరైనా చేస్తారు, నీ పని నువ్వే చేయగలవంటాడు బాస్ మార్టీ. పొగడ్తే! ఇంత మర్యాదగా తలుపు మూయడం నేనెక్కడా చూడలేదు. తర్వాత 80 వేల డాలర్ల చెక్కు, నోరు విప్పకూడదని ఒక కాగితం.

(ముగింపు చెప్పేస్తున్నా, చూడనివాళ్ళు ఇక్కడ ఆగండి.)

క్లైమాక్స్‌ని పగ అంటే నేనొప్పుకోను. బేరమాడుతున్నట్టు నటిస్తూ కరెన్ నోటితోనే నేరం ఒప్పిస్తాడు; పోలీసులు వింటుంటారు. అది ప్రాసిక్యూటర్ పని. సినిమా మొత్తమ్మీద క్లూనీ మొహంలో అలసట కనిపించనిది ఆ కాసేపే. కొడుకు చదివే ఫాంటసీ పుస్తకం వ్యవహారం మాత్రం కాస్త సాగదీత.

చివర టాక్సీలో పొడుగాటి షాట్ ఒకటుంది. టైటిల్స్ పడుతున్నాయని లేచిపోకండి.