మిల్లీమీటరును పట్టుకున్న రాగి పళ్లెం

నెల్లూరు తీరానికి వాన ఆలస్యంగా వస్తుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటేసరికే తేమ చాలావరకు దించేసుకుంటాయి. ఇక్కడి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ నెలల మధ్య, ఈశాన్య రుతుపవనాల్లో వాయుగుండాల వెంట పడుతుంది. ఆ నీటిని పట్టి ఉంచడానికే పెన్నా మీద సోమశిలలో 78 టీఎంసీల జలాశయం ఉంది. సంగం బ్యారేజీ నుంచి కనిగిరి రిజర్వాయరుకు, నెల్లూరు బ్యారేజీ నుంచి సర్వేపల్లి కాలువకు నీరు మళ్లి ఆయకట్టు పండుతుంది. ఏ ఏడు ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో తేల్చాలంటే రెండు లెక్కలు తెలియాలి: వచ్చిందెంత, ఆవిరై పోయేదెంత. వాన లెక్క ప్రతి పేపర్లోనూ వస్తుంది. ఆవిరి లెక్క తీసే పరికరాన్ని చూసినవాళ్లు తక్కువ. నా దృష్టిలో వ్యవసాయ వాతావరణ కేంద్రం ఆవరణలో అన్నిటికంటే తెలివైన పనితనం దానిదే.

ముందు వర్షమాపకం చూద్దాం. ఫైబర్‌తో చేసిన ఈ పాత్ర నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. ఆ నోటికి లోహపు అంచు, ఆ అంచుకు కత్తివాదర లాంటి పదును. చినుకు సరిగ్గా అంచు మీద పడితే లోపలి భాగం లోపలికి, బయటి భాగం బయటికి పోవాలి. మొద్దు అంచైతే పక్కన పడాల్సిన నీరు కూడా లోపలికి జారుతుంది. నోరు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంతకంటే కిందైతే నేల నుంచి తుంపర ఎగిరిపడుతుంది, మరీ పైనైతే గాలి చినుకును పక్కకు తోసేస్తుంది. ఉదయం 8:30కి సీసాలోని నీటిని కొలగాజులో పోస్తారు. 20 మిల్లీలీటర్లు ఉంటే ఒక మిల్లీమీటరు వాన. సన్నటి గాజు గనుక ఐదో వంతు మిల్లీమీటరు కూడా కంటికి ఆనుతుంది.

ఆవిరి పళ్లెం, అంటే ఇవాపరేషన్ పాన్, 1.22 మీటర్ల వ్యాసం, 25.5 సెంటీమీటర్ల లోతు ఉన్న రాగి పాత్ర. లోపల కళాయి, బయట తెల్ల రంగు. పది సెంటీమీటర్ల ఎత్తు చెక్క చట్రం మీద కూర్చోబెడతారు, అడుగున గాలి ఆడాలని. పైన తీగ వల కప్పుతారు. వేసవిలో దప్పికతో వచ్చే పక్షులు తాగేసిన నీరు ఆవిరి ఖాతాలో పడకూడదు కదా!

అంత వెడల్పు పాత్రలో రోజుకు తగ్గేది కొద్ది మిల్లీమీటర్లే. పైగా సముద్రపు గాలికి నీటి మీద అలలు లేస్తాయి. కదిలే నీటిలో మిల్లీమీటరును ఎలా పట్టాలి? దీనికి రెండు ఉపాయాలు చేశారు. పళ్లెంలో ఒక చిన్న గొట్టపు గది ఉంటుంది. దాని అడుగున ఉన్న రంధ్రాల గుండా నీరు లోపలికి వస్తుంది, పై అలలు మాత్రం రావు. ఆ గది మధ్యలో ఒక మొన నిలబడి ఉంటుంది. నీటిమట్టం ఆ మొనను తాకితే అదే నిన్నటి మట్టం. ఇక రెండో ఉపాయం కొలపాత్ర. దాని అడ్డుకోత వైశాల్యం పళ్లెం వైశాల్యంలో సరిగ్గా నూరో వంతు. అందులోని 20 సెంటీమీటర్ల నీరు, అంటే ఒక కొల, పళ్లెంలో పోస్తే మట్టం రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కంటికి ఆనని మిల్లీమీటరు ఇక్కడ పది సెంటీమీటర్లై కనబడుతుంది. మొన తాకేదాకా ఎన్ని కొలలు పోశారో అదే నిన్నటి ఆవిరి. రెండున్నర కొలలు పడితే ఐదు మిల్లీమీటర్లు. వాన పడిన రోజు లెక్క తిరగబడుతుంది: వర్షమాపకం 14 మిల్లీమీటర్లు చెప్పి, మొన దాకా దించడానికి 9 మిల్లీమీటర్ల నీరు తోడాల్సి వస్తే ఆవిరైంది ఐదు. లెక్క కుదరాలంటే రెండు పరికరాలూ నిజం చెప్పాలి.

పక్కనే తెల్ల చెక్కపెట్టె, స్టీవెన్సన్ స్క్రీన్. గోడలకు ఏటవాలు పలకలు, తలుపు ఉత్తరం వైపు. లోపలి కనిష్ఠ ఉష్ణమాపకంలో ఆల్కహాల్, అందులో మునిగి ఒక సన్నని సూచిక ఉంటాయి. చలికి ఆల్కహాల్ కుంచించుకుంటూ సూచికను వెనక్కి లాక్కుపోతుంది. తిరిగి వ్యాకోచించేటప్పుడు దాన్ని అక్కడే వదిలేసి ముందుకు పోతుంది. తెల్లవారుజామున ఎవరూ చూడని చలిని అది ఉదయం వరకు గుర్తుపెట్టుకుంటుంది. నెల్లూరు వరికి ఈ అంకె చాలా ముఖ్యం. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగి, గాలిలో తేమ 90 శాతం దాటి, ఆకు మీద మంచు నిలిస్తే అగ్గి తెగులు అంటుకుంటుంది. 1937లో మొదలైన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్ఎల్ఆర్ 34449, నెల్లూరు మసూరిగా పేరుపడిన రకం, ఈ తెగులును తట్టుకుంటుందనే రైతుల్లో నిలిచింది. తట్టుకోలేని రకం వేసినవారు ఆ రాత్రుల్లో యూరియా చల్లడం ఆపాలి, మచ్చలు కనబడగానే లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కలిపి పిచికారీ చేయాలి.

ఎండ గంటలు కొలిచేది గాజు గోళం. సూర్యకాంతిని ఒక బిందువుగా కూర్చి వెనకున్న అట్ట మీద గోధుమరంగు గీత కాలుస్తుంది. మబ్బు పడితే గీత తెగుతుంది. అక్టోబర్ నడిమికి చలికాలపు పొట్టి వంపు అట్ట మారుస్తారు. నారుమళ్లు పోసే రోజులవి.

మబ్బు పట్టిన ఆ నెలల్లోనే నాట్లు పడతాయి కాబట్టి మామూలు కెమెరా ఉపగ్రహానికి పొలం కనబడదు. 2022 ఫిబ్రవరి 14న పులికాట్ ఒడ్డునున్న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఈఓఎస్-04 ఉపగ్రహం రాడార్ తరంగాలతో మబ్బుల గుండా చూస్తుంది. నీరు నిలిచిన దమ్ముమడి తరంగాలను పక్కకు మళ్లిస్తుంది, చిత్రంలో నల్లగా పడుతుంది. పిలకలు లేచేకొద్దీ ఆ మచ్చ వెలుగెక్కుతుంది. తేదీల వారీగా చిత్రాలు పక్కపక్కన పెడితే ఏ కాలువ కింద నాట్లు ఎప్పుడు పడ్డాయో తెలుస్తుంది.

నేల మీది కొలతలూ, ఆకాశం నుంచి చూపూ కలిసి ప్రతి మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ సలహాగా వెలువడతాయి. పళ్లెం దగ్గర మొన చూసి నీళ్లు పోసిన మనిషి శ్రమ ఆ సలహా వెనక ఉంది. మీ ఊళ్లో వర్షమాపకం ఉంటే దాని చుట్టుపక్కల గోడ కట్టేటప్పుడూ మొక్క నాటేటప్పుడూ ఒక్క నియమం పాటించండి: ఆ గోడ, ఆ చెట్టు ఎదిగే ఎత్తుకు కనీసం రెండింతల దూరం వదలండి.