షోనాఖ్ కుకూ గడియారాలు

జర్మనీ నైరుతి మూలన, బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో షోనాఖ్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1894లో మొదలైన రోంబాఖ్ అండ్ హాస్ గడియారాల పని ఈనాటికీ కుటుంబం చేతిలోనే ఉంది. కుకూ గడియారాలూ, చెక్క పలక మీద పూలు చిత్రించే గడియారాలూ వాళ్ల ప్రత్యేకత.

ఆ కొండలకు ఈ విద్య పేదరికం వల్లే అబ్బింది. భూమి ముక్కలు కాకూడదని కొడుకుల్లో ఒక్కడికే ఇచ్చేవారు. మిగతావాళ్లకు చేతిపనే దిక్కు. చలికాలమంతా మంచు, చుట్టూ కావలసినంత కలప. తొలి గడియారాల్లో పళ్ల చక్రాలు కూడా చెక్కవే. తయారైనవాటిని వీపున మోసుకుని దేశదేశాలు తిరిగి అమ్మేవారు.

కుకూ గడియారం ఇక్కడే పుట్టిందని చాలామంది నమ్మకం. కానీ సాక్సనీ పాలకుల దగ్గరున్న అలాంటి గడియారం గురించి 1629 నాటి వర్ణన ఉంది. బ్లాక్ ఫారెస్ట్ దానికి ఇచ్చింది మనమెరిగిన ఇంటి రూపం. 1850లో ఫుర్ట్‌వాంగెన్ గడియారాల పాఠశాల అధిపతి రోబెర్ట్ గెర్విగ్ కొత్త నమూనాలు పంపమని ప్రకటించాడు. రైల్వే భవనాలు కట్టించే వాస్తుశిల్పి ఫ్రీడ్రిష్ ఐజెన్‌లోర్, పట్టాల పక్కనుండే కాపలాదారు ఇంటి ముఖాన్ని గీసి అందులో గడియారం పెట్టాడు. ఆ నమూనాయే నిలిచింది.

ఈ గడియారంలో నన్ను కట్టిపడేసేది దాని గొంతు. పెట్టె లోపల రెండు చెక్క గొట్టాలు, ఒక్కోదాని నెత్తిన చిన్న తిత్తి. గంట కొట్టే చక్రాలు తిరుగుతూ సన్నటి తీగలతో ఆ తిత్తుల్ని ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి వదులుతాయి. తిత్తి తన బరువుకు తానే దిగుతూ గాలిని గొట్టంలోకి తోస్తుంది. ముందు పై స్వరం, వెంటనే కింది స్వరం: కు, కూ. ఆ కదలికే పిట్ట తోకను తట్టి, అది ముందుకు వంగేలా చేస్తుంది. గాలి దూరే సందులో కాస్త తేడా వచ్చినా కూత బొంగురుపోతుంది. అందుకే దాన్ని సరిచేయడానికి అనుభవమున్న చెవి కావాలి.

కరెంటు అక్కర్లేదు. గొలుసులకు వేలాడే పైన్ కాయల్లాంటి ఇనుప గుండ్లలో ఒకటి ముళ్లను నడిపితే, ఇంకొకటి కూతను నడుపుతుంది. రోజూ గొలుసు లాగాల్సినవీ ఉన్నాయి, ఎనిమిది రోజులకోసారి లాగేవీ ఉన్నాయి. గడియారం వెనకబడితే లోలకం మీది ఆకు ఆకారపు బిళ్లను కొద్దిగా పైకి జరపాలి, ముందుకు పోతే కిందికి. ఇంట్లో ఎవరైనా చేసుకోగల పని ఇది.

గడియారం పై చెక్కుడు పనికి లిండెన్ కలప వాడతారు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి ఎలాగో దీనికి లిండెన్ అలాగ: మెత్తగా ఉంటుంది, ఉలి ఎటు తిప్పినా పెచ్చులూడదు. రంపంతో అంచు కోశాక ద్రాక్షాకుల ఈనెలు, పిట్ట రెక్కలు ఉలితో తేలుస్తారు. ఉలి గాటు కనిపించే ఆకుకున్న జీవకళ అచ్చుపోసిన ప్లాస్టిక్ ఆకుకు ఏ నాటికీ రాదు.

రోంబాఖ్ అండ్ హాస్ కుటుంబం మీద నాకు గౌరవం కలిగింది ఇంకో విషయంలో. పాత నమూనాలు చేస్తూనే ఈ శతాబ్దంలో వాళ్లు కొత్త ఇళ్ల గోడలకు నప్పేలా నిరాడంబరమైన గీతలతో, ముదురు రంగులతో కుకూ గడియారాలు తెచ్చారు. లోపలి తిత్తులూ గుండ్లూ మాత్రం అలాగే ఉంచారు. సంప్రదాయానికి ప్రాణం ఎక్కడుందో తెలిసినవాళ్లు చేసే పని అది. రూపం మారితే ద్రోహమని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. 1850లో రైల్వే ఇల్లు కూడా కొత్త రూపమే కదా!

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ట్రిబెర్గ్ జలపాతం చూడటానికి వెళ్తుంటారు. షోనాఖ్ ఆ పక్కనే. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. బ్యాటరీతో నడిచి రికార్డు చేసిన కూత వినిపించేవి కూడా దుకాణాల్లో అదే ముఖంతో ఉంటాయి. యంత్రంతోనే నడుస్తూ, ముఖ్య భాగాలన్నీ ఆ ప్రాంతంలోనే తయారైన గడియారాలకు బ్లాక్ ఫారెస్ట్ గడియారాల సంఘం ధ్రువపత్రం ఇస్తుంది. ధర కాస్త ఎక్కువైనా ఆ పత్రం ఉన్నదే అడిగి తీసుకోండి.