స్లైడు మీద చెయ్యి తిరిగినవాళ్లు

మలేరియా ఏమోనని డాక్టరు అనుమానిస్తే, చాలాసార్లు ఆ సంగతి తేల్చేది ల్యాబ్ టెక్నీషియనే. వాళ్ల పనితనం స్మియర్ తీసేటప్పుడు, అంటే రక్తాన్ని స్లైడు మీద పలుచని పొరగా పరిచేటప్పుడు చూడాలి. గాజు స్లైడు మీద చిన్న రక్తపు చుక్క. రెండో స్లైడును ఏటవాలుగా దానికి ఆనించి, రక్తం అంచు పొడవునా పాకగానే ఒక్క ఊపున ముందుకు తోస్తారు. మధ్యలో చెయ్యి తడబడిందా, చారలే. పొర చివరికొచ్చేసరికి ఈకలా పలచబడాలి. కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరుచుకునేది అక్కడే.

తరవాత లీష్మన్ రంగు, ఒక చుక్క నూనె, వంద రెట్ల లెన్సు. ఎర్రకణంలో సన్నని నీలి ఉంగరం, దాని మీద ఎర్ర చుక్క కనిపిస్తే మలేరియా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో ఈ పరాన్నజీవిని పట్టుకున్నదీ మైక్రోస్కోపుకు కన్ను ఆనించే.

ఇప్పుడు రక్తకణాల లెక్కలు యంత్రం కడుతోంది కదా అంటారు. కడుతుంది, పొరపడుతుంది కూడా. కొందరి రక్తంలో రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉంచే ఈడీటీఏ వల్ల ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. యంత్రం ఆ గుంపును ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. కౌంటు పడిపోయిందని చూపిస్తుంది. డెంగీ రోజుల్లో ఆ అంకె చాలు, ఇల్లంతా గోల. మంచి టెక్నీషియన్ ఆ కాగితం చేతికివ్వరు. ముందు స్మియర్ చూస్తారు, గుంపులు కనబడితే సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీస్తారు.